కుక్కకు సీబీడీ నూనె పనిచేస్తుందా? మీ ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

"అక్కా, మీ మల్లికి ఆ నూనె వాడారు కదా, మావాడికీ వేయొచ్చా?"

తిరుపతి బైరాగిపట్టెడలో పొద్దున్నే కుక్కలతో బయటికి వచ్చేవాళ్లలో నన్ను ఈ మాట అడగనివాళ్లు తక్కువ. ఒకరి లాబ్రడార్ మెట్లెక్కలేకపోతోంది. ఇంకొకరి పామరేనియన్‌కు ఫిట్స్. దీపావళి దగ్గరపడితే మంచం కింద దూరి వణికే కుక్కల గురించి ఫోన్లు వస్తాయి. కొందరు ఇప్పటికే కొని నెల రోజులు వేసి, "ఏమీ తేడా లేదక్కా, డబ్బు దండగ" అంటున్నారు. తమ కుక్క లేచి పరుగెడుతోందని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. "పనిచేయలేదు" అన్నవాళ్ల సీసాలు తెప్పించుకుని చదివాను. కొన్నింటిలో అసలు సీబీడీయే లేదు. కొన్నింటిలో ఉన్నా, కుక్క బరువుకు కావాల్సిన దానిలో ఇరవయ్యో వంతు కూడా పడటం లేదు. ఒకరి కుక్క జబ్బు కీళ్లనొప్పే కాదు. "పనిచేసింది" అన్నవాళ్లలో ముగ్గురు అదే వారంలో డాక్టర్ రాసిన నొప్పి మాత్ర కూడా మొదలుపెట్టారు. ఇలాంటప్పుడు నూనె మంచిదా చెడ్డదా అని ఎవరం చెప్పగలం? అందుకే మీ కుక్క విషయంలో మీరే తేల్చుకునే పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మల్లి అనే పదకొండేళ్ల నాటు కుక్కను సాకుతూ, తిరుపతిలో డాక్టర్ల చుట్టూ తిరుగుతూ నేర్చుకున్నది ఇది.

ముందు, తెలిసిన సంగతి కొంచెం

సీబీడీ అనేది గంజాయి జాతి మొక్కలో ఉండే ఒక పదార్థం. మత్తు కలిగించేది అది కాదు, టీహెచ్‌సీ అనే వేరే పదార్థం. సీబీడీ మీద కుక్కల్లో నిజమైన పరీక్షలే జరిగాయి, కానీ ఫలితాలు అన్నీ ఒక వైపుకు లేవు.

కీళ్ల అరుగుదలకు: అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన పరీక్షలో కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తే నొప్పి తగ్గింది, కదలిక పెరిగింది. అందులో చివరిదాకా ఉన్నవి 16 కుక్కలే. 2021లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంచుమించు అంతే మోతాదుతో చేస్తే, ఉత్తి నూనె ఇచ్చినప్పటికీ దీనికీ తేడా కనిపించలేదు.

ఫిట్స్‌కు: కొలరాడోలోనే 2019 పరీక్షలో, మామూలు ఫిట్స్ మందులతో పాటు సీబీడీ ఇచ్చిన కుక్కల్లో ఫిట్స్ సుమారు 33 శాతం తగ్గాయి. కానీ ఫిట్స్ సగానికి సగం తగ్గిన కుక్కల సంఖ్య చూస్తే సీబీడీ ఇచ్చిన, ఇవ్వని రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఒకటే. దురదకు: 2022లో ఒక పరీక్షలో గోక్కోవడం తగ్గింది, చర్మం మీద పుండ్లు మాత్రం తగ్గలేదు. టపాసుల భయానికి: 2020లో చేసిన పరీక్షలో ఉపయోగం కనిపించలేదు. ఒంటరిగా వదిలినప్పుడు, కారులో తీసుకెళ్లినప్పుడు పడే ఆందోళన మీద 2023లో ఇంకో పరీక్ష జరిగింది. కిలోకు 4 మిల్లీగ్రాములు ఒకేసారి, రెండు గంటల ముందు ఇస్తే కొన్ని లక్షణాలు కొంత తగ్గాయి.

అంటే నొప్పికి కొంత ఆశ ఉంది, ఫిట్స్‌కు అదనపు సాయంగా కొంత ఉంది, టపాసులకు దీన్ని నమ్ముకోవద్దు. క్యాన్సర్ నయమవుతుందని, కిడ్నీ బాగవుతుందని ఎవరైనా చెబితే అక్కడ కొనకండి.

కావలసినవి

డాక్టర్ చూసి చెప్పిన జబ్బు పేరు, రాసి ఉన్న చీటీ. ఈ నెలలో తీసిన కుక్క బరువు. లివర్ పరీక్షతో కూడిన రక్త పరీక్ష రిపోర్టు. ఒక్కో ఎంఎల్‌లో ఎన్ని మిల్లీగ్రాముల సీబీడీ ఉందో స్పష్టంగా రాసిన సీసా, ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు. సూది లేని 1 ఎంఎల్ సిరంజి (ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది). ఒక నోటు పుస్తకం. వీడియో తీయడానికి ఫోన్. తొమ్మిది పది వారాల ఓపిక.

1. జబ్బు ఏమిటో ముందు తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. కుక్క కుంటుతోంది, వయసు పైబడింది, కాబట్టి కీళ్లనొప్పి అనుకుంటాం. మన ఊళ్లలో పిడుదుల బెడద ఎక్కువ. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలోనూ కీళ్లు పట్టేస్తాయి, కుక్క లేవలేదు, తిండి తగ్గిస్తుంది, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కొర్లగుంటలో మాకు తెలిసినవాళ్ల లాబ్రడార్ సరిగ్గా ఇలాగే ఉండేది. మూడు వారాలు నూనె వేశారు. చివరికి రక్త పరీక్షలో పిడుదుల జ్వరమని తేలింది, దానికి తగిన మాత్రలతో పది రోజుల్లో లేచి తిరిగింది. ఆ మూడు వారాలు ఆలస్యం కాకుండా ఉండాల్సింది. అలాంటి జ్వరం ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.

తిరుపతిలో ఉన్నవాళ్లకు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. దాని కిందనున్న పశువైద్య కళాశాల 1955 నుంచి నడుస్తోంది, అక్కడి ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. చిత్తూరు వైపు వాళ్లు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పశువైద్యశాలలో మొదలుపెట్టండి. మీ కుక్కను ఎప్పటినుంచో చూస్తున్న ప్రైవేటు డాక్టర్ ఉంటే ఇంకా మంచిది.

హెచ్చరిక: నొప్పి అని ఇంట్లో ఉన్న ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేయకండి. కుక్కల్లో కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ కూడా సొంతంగా వద్దు.

2. డాక్టర్‌కు దాచకుండా చెప్పండి

గంజాయి మొక్క పేరెత్తడానికి మొహమాటపడి చాలామంది డాక్టర్‌కు చెప్పరు. చెప్పాలి. సీబీడీ లివర్‌లో మందులను అరగదీసే ఎంజైములకు అడ్డుపడుతుంది. ఫిట్స్‌కు వాడే ఫినోబార్బిటాల్ లాంటి మందులు లివర్ ద్వారానే పోతాయి. రెండూ కలిస్తే లివర్ మీద భారం పెరగవచ్చు, మందు పనితీరు మారవచ్చు. పరీక్షల్లో చాలా కుక్కలకు లివర్ ఎంజైములు పెరిగినట్టు కనిపించింది. అందుకే నూనె మొదలుపెట్టే ముందు ఒకసారి, నాలుగు వారాలకు ఇంకోసారి రక్త పరీక్ష చేయించాలి.

లివర్ జబ్బు ఉన్న కుక్కలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చేవాటికి, పిల్లలకు డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప మొదలుపెట్టకండి.

మన చట్టం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత కంకులు. వాటితో కలవని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఆకు నుంచి తీసిన నూనెలు ఆయుర్వేద లైసెన్సు కింద 'విజయ' (ఆయుర్వేదంలో ఆ మొక్క పేరు) పేరుతో వస్తాయి, వాటిని వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. కాబట్టి లైసెన్సు నంబరు ఉన్న సీసా, చేతిలో డాక్టర్ చీటీ, ఈ రెండూ ఉండాలి. ఎవరో తెలిసినవాళ్లు "ఇంట్లో కాచాం" అని ఇచ్చే నూనె అసలు ముట్టుకోకండి. చట్టం ఒకటే కాదు, అందులో ఎంత టీహెచ్‌సీ ఉందో చెప్పేవాళ్లు ఉండరు. కుక్కకు అది విషం.

3. సీసా మీద ఉన్నది అక్షరం అక్షరం చదవండి

నేను మోసపోయింది ఇక్కడే. మల్లికి మొదట కొన్న సీసా మీద ఆకుపచ్చటి ఆకు బొమ్మ, 'హెంప్ ఆయిల్' అనే పెద్ద అక్షరాలు, పక్కన కుక్క బొమ్మ. నెలన్నర వేశాను. తర్వాత మా డాక్టర్ ఆ సీసా తిప్పి చూపించి, "ఇది గింజల నూనె అమ్మా, ఇందులో సీబీడీ ఎక్కడుంది?" అన్నారు. ఆ నెలన్నరా మల్లి నొప్పితోనే ఉంది. డబ్బు పోయిందన్న బాధ కంటే అదే నన్ను ఎక్కువ కలచివేసింది.

గింజల నూనె వేరు, సీబీడీ నూనె వేరు. హెంప్ (గంజాయి జాతి మొక్క) గింజలు, వాటి నూనె తినే పదార్థాలుగా అమ్మడానికి కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో అనుమతించింది. ఆ నిబంధనల్లోనే కిలోకు 75 మిల్లీగ్రాములకు మించి సీబీడీ ఉండకూడదని ఉంది. అంటే చట్టప్రకారం అమ్మే లీటరు గింజల నూనె మొత్తం తాగించినా ఒక లాబ్రడార్‌కు ఒక రోజు మోతాదు కూడా రాదు. ఆ నూనె చెడ్డదేమీ కాదు, మంచి కొవ్వులు ఉంటాయి. నొప్పికి మాత్రం అది మందు కాదు.

సీసా చేతిలోకి తీసుకున్నాక ఇవి వెతకండి:

'సీబీడీ' అనే మాట పక్కనే మిల్లీగ్రాముల అంకె ఉందా? 'విజయ ఎక్స్‌ట్రాక్ట్ 1000 మి.గ్రా.' అని రాస్తే, సీబీడీ 1000 మి.గ్రా. అని అర్థం కాదు. ఆ రసంలో సీబీడీ ఎంతో విడిగా రాసి ఉండాలి.

టీహెచ్‌సీ ఎంత? మనుషుల కోసం అమ్మే విజయ నూనెల్లో టీహెచ్‌సీ బాగా ఉన్నవీ ఉంటాయి. కుక్క మెదడు దానికి మనకంటే చాలా ఎక్కువగా స్పందిస్తుంది. మనిషి నూనెనే కొంచెం తగ్గించి వేద్దామనే ఆలోచన వద్దు.

తీపి కోసం ఏం కలిపారు? జైలిటాల్ ఉంటే పక్కన పెట్టేయండి. కుక్కల్లో అది రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, లివర్‌ను దెబ్బతీస్తుంది. చాక్లెట్ కలిపినవీ వద్దు.

ల్యాబ్ రిపోర్టు ఉందా, దాని మీది బ్యాచ్ నంబరూ సీసా మీది నంబరూ ఒకటేనా? అమెరికాలో 2017లో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులను పరీక్షిస్తే, రాసినంత సీబీడీ ఉన్నవి 31 శాతమే. మిగిలినవాటిలో కొన్నింటిలో తక్కువ, కొన్నింటిలో ఎక్కువ. 18 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా బయటపడింది. రిపోర్టు అడిగితే "కంపెనీ వాళ్లు పంపుతారు" అని దాటవేసే చోట కొనకండి.

4. చుక్కలు కాదు, మిల్లీగ్రాములు లెక్కపెట్టండి

ఈ ఒక్క మెట్టు సరిగ్గా చేస్తే సగం గందరగోళం పోతుంది.

ముందు బరువు. కుక్కను ఎత్తుకుని బరువు యంత్రం ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా రాసుకోండి. పెద్ద కుక్కను ఎత్తలేకపోతే ఆసుపత్రిలో యంత్రం మీద నిలబెట్టండి. దామలచెరువు వైపు ఉన్నవాళ్లు మామిడి మండీ కాటా మీద తూచి తెచ్చిన సందర్భం కూడా నాకు తెలుసు, అదీ మంచిదే. అంచనా వేయొద్దు. "ఇరవై కిలోలుంటుంది" అన్న కుక్క కాటా మీద ముప్పై ఒకటి తూగింది.

తర్వాత సీసా. మొత్తం సీబీడీ మిల్లీగ్రాములను మొత్తం ఎంఎల్‌తో భాగించండి. 30 ఎంఎల్‌లో 1000 మి.గ్రా. ఉంటే ఎంఎల్‌కు సుమారు 33. 30 ఎంఎల్‌లో 300 ఉంటే ఎంఎల్‌కు 10. శాతంలో రాస్తే, 3 శాతం అంటే ఎంఎల్‌కు సుమారు 30 మి.గ్రా.

ఇప్పుడు మల్లి లెక్క చూడండి. బరువు 14 కిలోలు. పరీక్షల్లో వాడిన మోతాదు కిలోకు 2 మి.గ్రా., అంటే పూటకు 28 మి.గ్రా. ఎంఎల్‌కు 33 ఉన్న సీసాలో అది సుమారు 0.85 ఎంఎల్. రోజుకు రెండు పూటలు కాబట్టి 56 మి.గ్రా. 1000 మి.గ్రా. సీసా పద్దెనిమిది రోజుల్లో అయిపోతుంది. 30 కిలోల లాబ్రడార్‌కైతే ఎనిమిది రోజులే.

"పూటకు ఐదు చుక్కలు" అని రాసిన 300 మి.గ్రా. సీసా సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. ఐదు చుక్కలంటే సుమారు పావు ఎంఎల్, అంటే 2.5 మి.గ్రా. 30 కిలోల కుక్కకు కిలోకు 0.1 కూడా కాదు. ఆ కుక్కలో తేడా కనిపించలేదంటే ఆశ్చర్యం లేదు.

కొనే ముందే నెల ఖర్చు వేసుకోండి. సరైన మోతాదు రెండు నెలలు ఇవ్వడానికి డబ్బు చాలదనుకుంటే, తక్కువ వేసి సరిపెట్టుకోవద్దు. అదే డబ్బుతో డాక్టర్ రాసే నొప్పి మందు, రక్త పరీక్ష, బరువు తగ్గించడం మీ కుక్కకు ఎక్కువ మేలు చేస్తాయి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

5. నూనె తెరవకముందే రెండు వారాలు రాసుకోండి

మొదటి చుక్క వేయకముందు కుక్క ఎలా ఉండేదో రాసి లేకపోతే, తర్వాత ఏ తేడానూ నమ్మలేం. ఆశ మన కళ్లను మార్చేస్తుంది. 2012లో వచ్చిన ఒక పరిశీలనలో, కుంటే కుక్కలకు ఉత్తుత్తి మందు ఇచ్చినా యజమానులూ డాక్టర్లూ కూడా చాలాసార్లు "బాగైంది" అన్నారు. కాలు ఎంత బలంగా మోపుతోందో కొలిచే యంత్రం మాత్రం ఏ మార్పూ చూపలేదు.

మీ కుక్క జబ్బును బట్టి మూడు నాలుగు విషయాలే ఎంచుకోండి. అంతకు మించితే వారానికే విసుగొస్తుంది. మల్లికి నేను రాసుకున్నవి: పొద్దున పిలిచాక లేచి నిలబడటానికి ఎన్ని సెకన్లు, మేడ మెట్లలో ఆగకుండా ఎన్ని ఎక్కింది, రాత్రి ఎన్నిసార్లు లేచి చోటు మార్చింది. ఫిట్స్ అయితే తేదీ, సమయం, ఎంతసేపు. దురద అయితే సాయంత్రం పది నిమిషాలు గమనించి ఎన్నిసార్లు గోక్కుందో లెక్క.

వారానికి రెండుసార్లు ఒకే చోట, ఒకే సమయానికి అరనిమిషం నడక వీడియో తీయండి. పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. ఎండాకాలంలో ఉదయం ఏడు లోపే తీయాలి. మన ఊళ్లో తొమ్మిదింటికి రోడ్డు కాలి ఏ కుక్కయినా కాలు ఎత్తి ఎత్తి వేస్తుంది, దాన్ని కుంటుడు అనుకుంటారు.

ఈ రెండు వారాల్లో ఇంకే కొత్త మందూ, కొత్త తిండీ మొదలుపెట్టకండి.

6. మెల్లగా మొదలుపెట్టండి

మొదటి మూడు నాలుగు రోజులు కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున, రోజుకు రెండుసార్లు. బాగా ఉంటే తర్వాతి వారం 1. ఆ తర్వాత డాక్టర్ ఒప్పుకుంటే 2. ఫిట్స్ మందుల మీద ఉన్న కుక్కకు ఈ వేగం కూడా డాక్టరే నిర్ణయించాలి.

కుక్క ఒంట్లో ఈ పదార్థం నాలుగు గంటల్లో సగమైపోతుంది. అందుకే రెండు పూటల మోతాదు ఒకేసారి పోస్తే రోజంతా పనిచేయదు.

సీబీడీ కొవ్వులో కరిగేది. కడుపులోకి పోయాక ఒంటికి పట్టేది కొంతే, అది కూడా ఒక్కో కుక్కలో ఒక్కోలా ఉంటుంది. 1988 నాటి ఒక చిన్న పరీక్షలో ఆరు కుక్కలకు నోటి ద్వారా ఇస్తే, మూడింటి రక్తంలో అది అసలు కనిపించలేదు. ఒకే సీసా, ఒకే మోతాదు, అయినా పక్కింటి కుక్కకు ఫలితం ఉండి మీదానికి లేకపోవడానికి ఇది పెద్ద కారణం. మీ చేతిలో ఉన్నదల్లా ప్రతిసారీ ఒకే తీరుగా ఇవ్వడం. అన్నం పెట్టినప్పుడే, కొంచెం ఉడికించిన గుడ్డు పచ్చసొనలో కలిపి ఇవ్వండి. నెయ్యి గుమ్మరించకండి, ఎక్కువ కొవ్వు కొన్ని కుక్కలకు క్లోమం వాపు తెస్తుంది. ఒక పూట ఖాళీ కడుపున, ఒక పూట పెరుగన్నంలో, ఒక పూట మరిచిపోయి, ఇలా చేస్తే మీ పుస్తకంలో రాసినదానికి అర్థం ఉండదు.

పెద్ద గిన్నె అన్నంలో కలపొద్దు. సగం వదిలేస్తే ఎంత పోయిందో తెలియదు. ముందు చిన్న ముద్దలో పెట్టి మింగాక మిగతా అన్నం పెట్టండి.

సీసాను కిటికీ దగ్గర, బండి డిక్కీలో ఉంచకండి. మన ఎండకు నూనె పాడవుతుంది. చీకటిగా, చల్లగా ఉండే అలమరలో పెట్టండి, పిల్లలకు అందకుండా.

7. ఎప్పుడు ఆపాలి

కొంచెం మగత, విరేచనం పలుచబడటం, ఒకటి రెండుసార్లు వాంతి అయితే వెనకటి మోతాదుకు తగ్గించి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

తాగినట్టు తూలుతూ నడవడం, తెలియకుండా మూత్రం చుక్కలు చుక్కలుగా కారడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, కంటిపాప పెద్దదవడం, ఒళ్లు చల్లబడటం: ఇవి టీహెచ్‌సీ ఎక్కువైన గుర్తులు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, సీసా కూడా తీసుకెళ్లండి. ఏం ఇచ్చారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, డాక్టర్‌కు కావాల్సింది అదే. మత్తు దిగాలని నిమ్మరసం, మజ్జిగ, ఉప్పునీళ్లు నోట్లో పోయకండి. తూలుతున్న కుక్కకు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఫిట్స్ మందును మీ అంతట మీరు ఎప్పుడూ ఆపొద్దు, తగ్గించొద్దు. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి కుక్క చనిపోవచ్చు. సీబీడీ ఆ మందుకు బదులు కాదు.

8. పనిచేసిందో లేదో తేల్చండి

పూర్తి మోతాదు మీద నాలుగు వారాలు గడిచాక మొదట రక్త పరీక్ష చేయించండి. లివర్ అంకెలు బాగా పెరిగితే ఫలితం ఎలా ఉన్నా కొనసాగించాలా అనేది డాక్టర్ మాటే.

తర్వాత వీడియోలు. మొదటి రెండు వారాలవీ చివరి రెండు వారాలవీ తీసుకుని, తేదీలు తీసేసి, కలగలిపి, ఈ విషయం తెలియనివాళ్లకు పంపండి. నేను మదనపల్లెలో ఉన్న మా చెల్లెలికి పంపి, "ఏ దాంట్లో బాగా నడుస్తోంది, మార్కులు వెయ్యి" అన్నాను. ఎనిమిదింట్లో ఆరు సరిగ్గా చెప్పింది. మీవాళ్లు పోల్చుకోలేకపోతే, మీకు కనిపించిన తేడా మీ ఆశలోదే అయి ఉండవచ్చు. కష్టంగా ఉన్నా ఒప్పుకోండి.

చివరిగా ఒక వారం ఆపి చూడండి. ఇది కీళ్లనొప్పికీ దురదకూ మాత్రమే. ఫిట్స్ కుక్కలకు ఇలా ఆపి చూడొద్దు. ఆపిన వారంలో పుస్తకంలో అంకెలు వెనక్కి పోతే, మళ్లీ మొదలుపెట్టాక ముందుకొస్తే, ఆ నూనె మీ కుక్కకు పనిచేస్తోందని ధైర్యంగా అనుకోవచ్చు. మల్లి నూనె మీద తొమ్మిది మెట్లు ఆగకుండా ఎక్కేది. ఆపిన ఐదో రోజున నాలుగో మెట్టు దగ్గర నిలబడి నా వైపు చూసింది. ఆ సాయంత్రమే డాక్టర్‌కు చెప్పి మళ్లీ మొదలుపెట్టాను. పక్క వీధి జర్మన్ షెపర్డ్‌కు ఆపినా అంకెల్లో మార్పే లేదు. వాళ్లు నూనె మానేసి డాక్టర్ రాసిన నొప్పి మందు మీదే ఉన్నారు, అది బాగానే ఉంది. రెండూ సరైన నిర్ణయాలే.

తరచూ జరిగే పొరపాట్లు

ఒకేసారి నాలుగు మొదలుపెట్టడం: నూనె, కీళ్ల పొడి, కొత్త తిండి, నొప్పి మాత్ర. దేని వల్ల తగ్గిందో ఇక తెలియదు.

సీసా అయిపోయాక వేరే కంపెనీది కొని అన్నే చుక్కలు వేయడం. ప్రతి కొత్త సీసాకూ నాలుగో మెట్టు లెక్క మళ్లీ చేయాలి. సీబీడీ అంకె ఒకటే అయినా నూనెలు ఒకటి కాకపోవచ్చు. కార్నెల్ పరీక్షలో వాడిన నూనెలో సీబీడీతో పాటు సీబీడీఏ అనే దాని పచ్చి రూపం కూడా ఉంది. చాలా సీసాల్లో అది ఉండదు.

మూడు రోజులకే తీర్పు చెప్పేయడం. మంచి రోజులూ చెడ్డ రోజులూ కీళ్లనొప్పిలో వాటంతటవే వస్తుంటాయి. వాన పట్టిన వారం పోయి ఎండ కాసిన వారం నూనె మొదలుపెడితే, ఆ మంచి నూనె ఖాతాలో పడిపోతుంది.

ఇంట్లో మిగతావన్నీ వదిలేయడం. నున్నటి టైల్స్ మీద జారే ముసలి కుక్కకు ఏ నూనె వేసినా నొప్పి పోదు. నడిచే దారిలో గోనెపట్టాలు పరచండి, గోళ్లు కత్తిరించండి. బరువెక్కువుంటే తగ్గించండి, కీళ్లకు దానికి మించిన ఉపశమనం నేను చూడలేదు.

టపాసులకు అడిగేవాళ్లకు

మే నెలలో గంగమ్మ జాతర డప్పులప్పుడు, దీపావళికి ముందు ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. పైన చెప్పినట్టు, పెద్ద చప్పుళ్ల భయానికి సీబీడీ మీద ఆధారపడొద్దు. సాయంత్రం పడకముందే కుక్కను నడిపించి, తిండి పెట్టేయండి. లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, టీవీ కొంచెం గట్టిగా పెట్టండి. పక్కన ఎవరైనా కూర్చోండి. దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందనే మాట నిజం కాదు. మెడపట్టీకి ఫోన్ నంబరు కట్టి ఉంచండి, ఆ రోజుల్లో తప్పిపోయే కుక్కలు ఎక్కువ.

వణుకు, చొంగ కారడం, తలుపులు గీకడం దాకా పోయే కుక్కకు భయం తగ్గించే మందులు డాక్టర్ దగ్గర ఉన్నాయి. వాటిని పండగ రోజు మొదటిసారి వేయకూడదు. ముందే ఒక మామూలు రోజున వేసి, ఎంత మోతాదు సరిపోతుందో చూసుకోవాలి. దసరా అయిన మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళితే దీపావళికి దాదాపు మూడు వారాలు చేతిలో ఉంటాయి.